దుర్గా, నీళ్లు పొయ్యకు

ఏప్రిల్ 24

రొయ్యల మేత అమ్మే ఫీడ్ కంపెనీ వాళ్లు ఇచ్చిన డైరీ. జనవరి నుంచీ ఖాళీగా పడుంది. ఇవాళ నాతో మాట్లాడింది ఫోన్లో రీఛార్జ్ అమ్మాయి ఒక్కతే, అదీ రికార్డింగ్. అందుకని రాస్తున్నాను.

జనరేటర్ సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. కరెంటు పోతే చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్లు ఆగిపోతాయి. అవి ఆగితే కాసేపటికే గాలి అందక రొయ్య తేలుతుంది. జనరేటర్ వెంటనే అందుకోవాలి. దాన్ని లేపాల్సింది బ్యాటరీ. మా ఆయన తాతారావు ఉంటే ఇవన్నీ తనే చూసుకునేవాడు. పోయిన దసరా ముందు పోయాడు.

ఏప్రిల్ 26

రేడియో సెల్స్ డౌన్ అయితే ఆయన పాక మీద ఎండలో పెట్టేవాడు. మళ్లీ పాడేవి. ఇవాళ నేనూ బ్యాటరీ ఊడదీసి గట్టు మీద ఎండలో పెట్టాను. సాయంత్రం బిగించి కొడితే ఒక్క దెబ్బకి స్టార్ట్ అయింది! ఎవరికైనా చెబుదామని ఫోన్ తీశాను. ఎవరికి చెప్పాలో తోచలేదు.

ఏప్రిల్ 30

మా మరిది హరిబాబు వచ్చాడు. ఈ పంట అయ్యాక చెరువు తనకి వదిలెయ్యమన్నాడు. ఆడమనిషిని ఒక్కదాన్నీ గట్టు మీద వదిలేశాడని ఊళ్లో తననే అంటున్నారట. జనరేటర్ ఒక్కసారి మొరాయిస్తే చాలు, పంటంతా పోతుందన్నాడు. అది నిజమే. అందుకే ఒళ్లు మండింది. కాఫీ కూడా ఇవ్వలేదు.

ఈ చెరువు ఆయనా నేనూ కలిసి తవ్వించుకున్నాం. వదిలేసి ఊళ్లో టీవీ ముందు కూర్చోనా? వదలను.

మే 19

రోజూ ఎండలో పెడుతున్నాను. తెచ్చి బిగించి ఛార్జర్ కూడా పెట్టి వదిలేస్తున్నాను, బలం వస్తుందని. ఇవాళ ముట్టుకుంటే చెయ్యి కాలింది. కుళ్లిన కోడిగుడ్ల కంపు. పక్కలు ఉబ్బాయి. నాకు భయం వేసింది.

మే 20

బ్యాటరీని ఆటోలో వేసుకుని నాగాయలంక వెళ్లాను. బ్యాటరీ షాపులో క్రిస్టినా అని ఒకమ్మాయి ఉంది. వాళ్ల నాన్న తర్వాత తనే నడుపుతోందట. నన్ను ఆంటీ అంది. నాకంటే పదేళ్లు చిన్నదేమో, అంతే.

మూతలు తీస్తే లోపల ఎండిపోయి ఉంది. నీళ్లు ఎప్పుడు పోశారని అడిగింది. ఎప్పుడూ పొయ్యలేదని చెప్పి పైన చూపించాను. తెల్ల పెయింటుతో ఆయన రాసింది అలాగే ఉంది. 'దుర్గా, నీళ్లు పొయ్యకు.'

దీనికి ముందున్న బ్యాటరీలో నేను బోరు నీళ్లు పోశాను. మా బోరు ఉప్పు. నెల తిరక్కుండా అది చచ్చింది. కొత్తది తెచ్చిన రోజే ఆయన నవ్వుకుంటూ దీని మీద అలా రాసి పెట్టాడు.

క్రిస్టినా ముందు నవ్వింది. తర్వాత నా మొహం చూసి మానేసింది.

"ఆయన వద్దన్నది బోరు నీళ్లాంటీ. డిస్టిల్డ్ వాటర్ పొయ్యకపోతే ఎండాకాలంలో ఇది బతకదు."

ఆయన ఉండగా ఒక్క మాట విన్నదాన్ని కాదు. పోయాక విన్నాను, అదీ ఇది.

ఎండలో పెట్టడం ఇంకా తప్పట. వేడికి అప్పటికప్పుడు హుషారుగా తిరుగుతుందట గానీ ఆ వేడే లోపల ప్లేట్లని తినేస్తుందట. నీడన ఉంచాలి, చల్లారాకే ఛార్జింగ్ పెట్టాలి, ఈ ఎండల్లో రోజంతా వదిలెయ్యకూడదు. చలికాలంలో అయితే ఛార్జ్ నిదానంగా ఎక్కుతుంది, ఎక్కువసేపు పెట్టాలి. నీళ్లు పోసి, నెమ్మదిగా ఛార్జ్ చేసి ఇచ్చింది. చెడిపోవాల్సింది ఈ ఎండలకే చెడిపోయింది, చలి పడ్డాక బయటపడుతుంది, ఈలోగా మార్చేయమంది. పాతది ఎక్స్‌ఛేంజ్‌లో తీసుకుంటుందట.

చూద్దాంలే అన్నాను. ఆయన చేత్తో నా పేరు రాసింది ఆ మూత మీద ఒక్కచోటే ఉంది.

జూన్ 3

డిస్టిల్డ్ వాటర్ పోశాను. ఆయనకి కనపడకుండా చేస్తున్నట్టే ఉంది.

సెప్టెంబరు 8

పంట తీసి మళ్లీ రొయ్య పిల్ల వేశాను. హరిబాబు మళ్లీ అడిగాడు. ఈసారి కాఫీ ఇచ్చాను, చెరువు మాత్రం ఇవ్వనన్నాను. సగం తాగి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ మాటల్లేవు.

నవంబరు 30

క్రిస్టినా ఫోన్ చేసింది, తనంతట తనే. బ్యాటరీ మార్చారా అని అడిగింది. ఇంకా లేదన్నాను. కాసేపు తిట్టింది. ఫోన్ పెట్టేశాక పాకంతా బోసిపోయినట్టయింది.

డిసెంబరు 14

మంచు పడుతోంది. పొద్దున పూట సెల్ఫ్ మూలుగుతోంది. సాయంత్రం ఛార్జింగ్ అయ్యాక బ్యాటరీ ఊడదీసి పాకలోకి తెచ్చుకుంటున్నాను. మంచం పక్కన ఆయన వైపు పెట్టి ఆయన దుప్పటి చుడుతున్నాను. ఆయన పోయాక ఆ దుప్పటి ఉతకలేదు. వాసన కొంచెం ఉంది, అదీ తగ్గిపోతోంది.

ఎవరైనా చూస్తే పిచ్చిదంటారు. ఎవరూ చూడరు. అదే ఏడుపు.

డిసెంబరు 22



తెల్లవారుజామున మెలకువ వచ్చింది. చప్పుడుకి కాదు, చప్పుడు లేక. కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోయి ఉన్నాయి. దుప్పటితో సహా బ్యాటరీని ఎత్తుకుని జనరేటర్ దగ్గరికి పరిగెత్తాను. బిగించి కొట్టాను. టక్. మళ్లీ కొట్టాను. టక్. అంతే. టార్చి వేస్తే ఒడ్డు పొడుగునా ఎర్రటి కళ్లు. రొయ్య తేలింది.

హరిబాబుకి ఫోన్ చేశాను. ఏమీ అడగలేదు, వస్తున్నానన్నాడు. మంచులో ట్రాక్టర్ లైటు కనపడేదాకా నీళ్లలో దిగి చేతులతో చిలుకుతూ ఉన్నాను. దానివల్ల ఏమీ కాదని తెలుసు. లుంగీ మీదే వచ్చాడు. ట్రాక్టర్ బ్యాటరీకి కేబుల్ కలిపాడు. జనరేటర్ లేచింది. ఒక మూల కొంత సరుకు చచ్చింది. మిగతాది తేరుకుని మెల్లగా అడుక్కి దిగింది.

అప్పుడు నేల మీద పడి ఉన్నది చూశాడు.

"అన్నయ్య దుప్పటి కదా వదినా?"

అవునన్నాను. ఏడుపు ఆగలేదు. అతను అటు తిరిగి నిలబడ్డాడు. చెరువు సంగతి ఎత్తుతాడని చూశాను, ఎత్తలేదు. కాఫీ మొత్తం తాగాడు. వెళ్తూ కేబుల్స్ చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు. ఇవి ఇక్కడే ఉండనీ, తనకి వేరేవి ఉన్నాయన్నాడు.

డిసెంబరు 23

పాత బ్యాటరీ ఇచ్చేశాను. కొత్త దాని మీద డేట్ వేసుకోమని క్రిస్టినా మార్కర్ ఇచ్చింది. 'దుర్గా, నీళ్లు పొయ్యి' అని రాసుకున్నాను.

దుప్పటి ఉతికాను. ఆసిడ్‌కి చిల్లులు పడ్డాయి. ఎండలో ఆరేశాను.