నడవని వాళ్ల సంగతి

ఆదిలాబాద్, జనవరి 1959

బావ రామచంద్రానికి దశరథం నమస్కారాలు. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం.

మీ చెల్లెలు అనసూర్యను పుట్టింటికి పంపింది మా అవ్వ, నేను కాదు. "ఆరేండ్లాయె, కడుపు పండలే. ఉగాదికి ఇంకో పిల్లను తెస్త" అంటున్నది. నాకు నిద్ర లేదు. అసలు సంగతి కార్డు మీద రాయలేను, దారిలో నలుగురూ చదువుతారు. మొన్న ఒక పెద్దమనిషి అంతా చూసి, "ఉన్నోళ్లే తక్కువ. గా ఉన్నోళ్లు గూడ నడుస్తలేరు. బాయిలర్ వేడికే గిట్లయింది. కొత్తోళ్లు తయారయ్యేతందుకు మూడు నెలలు పడ్తది" అన్నాడు. ఏం చెయ్యాలో తోచడం లేదు.

నీ బావ,
దశరథం

తా.క. గోచి బిగించి కట్టొద్దని కూడా చెప్పాడు.

లక్సెట్టిపేట

దశరథం బావకు,

నీ కార్డు చదివి, పాఠాలు చెప్పడానికి బడికి కూడా పోలేదు. జిన్నింగ్ మిల్లులో బాయిలర్ వేడికి కూలీలు నడవలేకపోతుంటే మూడు నెలలు ఆగమంటాడా ఆ పెద్దమనిషి! మీ సేటుకు నీ పేరు మీద అర్జీ రాసి, ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించి పంపాను. ఫికర్ చెయ్యకు.

నీ వెనకే ఉన్న
రామచంద్రం

తా.క. గోచి బిగించొద్దని బెదిరించాడా? నువ్వు బిగించకుంటే నేను బిగిస్తా.

ఆదిలాబాద్

బావా,

కొంప ముంచావు. సేటు అర్జీ పట్టుకొని పిలిచాడు. "ఎవడు నడుస్తలేడు? జర నాకు చూపెట్టు!" అన్నాడు. చూపెట్టే సంగతా అది! నన్ను బాయిలర్ నుంచి తీసేసి గేటు కాపలాకు పెట్టాడు. అది విని, పిల్లనిస్తామన్నవాళ్లు "గేటు కాడ కూసునేటోనికి ఇయ్యం" అని తప్పుకున్నారు. అవ్వ నాతో మాట్లాడటం లేదు.

ఇది కవరు కనుక విప్పి చెబుతున్నాను. ఆ పెద్దమనిషి డాక్టరు. నడవనిది కూలీలు కాదు, నా వీర్యకణాలు. సూక్ష్మదర్శినిలో చూశాడు. వేడికి అవి సరిగ్గా ఎదగవట, కొన్నింటికి తోకలే రాలేదట. కొత్తవి పుట్టి, తోక మొలిచి, ఈదడం వచ్చేసరికి మూడు నెలలట. బాయిలర్‌కు దూరముంటే ఆశ ఉందన్నాడు. కొరత నాది బావా, అనసూర్యది కాదు. ఈ మాట విన్నాక ఆమె నా మొహం చూస్తుందా?

దశరథం

తా.క. దీనికి సంతకాలు పెట్టించకు.

లక్సెట్టిపేట

బావా,

నీ ఉత్తరం అనసూర్య చేతికిచ్చి నేను దొడ్లోకి పోయి నిలబడ్డాను. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "అన్నా, రేపటి బస్సుకు పోత. అత్తకు నేనే చెప్త" అంది.

"ఏమని?"

"ఆరేండ్లు నన్ను తిట్టినవు, మూడు నెలలు నీ కొడుక్కు గడువియ్యుమంట."

చెల్లెలిని దింపడానికి నేనూ వస్తున్నాను.

సిగ్గుపడుతూ,
రామచంద్రం

తా.క. నా భార్య నర్మద నాలుగేళ్లుగా పిల్లల కోసం ఉపవాసాలుంటున్నది. డాక్టరు దగ్గరికి నేను పోవాలన్న సోయి ఇప్పటిదాకా రాలేదు. ఆయనకెప్పుడు తీరికో కనుక్కొని ఉంచు. నాకు బాయిలర్ కూడా లేదు బావా, అదే భయంగా ఉంది.