కొత్త సైకిల్ కవరు

జాయమ్మా, ఈరోజు సైకిల్ ముట్టొద్దు. బీగం వేసి తాళంచెవి నాతోనే తీసుకుపోతున్నాను. అక్కమ్మత్తకు చెప్పినాను, కాలేజీకి ఆమె ఆటోలో పో. చిత్రాన్నం మూసిపెట్టినాను, తినే పో.

"టకటకమంటాండాది నాయనా" అని నువ్వు చెప్తానే ఉంటివి. "కొత్త బండి అట్లే అంటాది" అని నీ నోరు మూయించినాను. పొద్దున చైనుకు నూనె వేస్తుంటే కడ్డీకి చుట్టిన ప్లాస్టిక్ కవరు కింద తుప్పు కనిపించింది. చింపి చూస్తే హ్యాండిల్ కింది అతుకు సగం విడిపోయి ఉంది. దాని మీదే నువ్వు రోజూ రైలు బ్రిడ్జి దిగుతున్నావు.

అగ్గువకు వస్తుందని తెచ్చింది నేనే. కొత్తదని వీధిలో అందరికీ తెలియాలని కవరు తీయనియ్యనిదీ నేనే. ఆదివారం ఆదివారం నేను కడిగిన నీళ్లన్నీ దాని కిందే నిలిచినాయి. ఆ పొద్దు నువ్వు గోటితో కాస్త చింపితే చెయ్యి మీద కొట్టినాను. నీ ముఖం చూడలేక, నిన్ను లేపకుండానే పనికి పోతున్నాను.

నాయన

సీటు కవరు మాత్రం తీయకుండా ఉంచినాను. అది నువ్వే చింపమ్మా. ఏమీ అనను.