ఆ మాత్ర అప్పటికి పుట్టలేదు

సీరియల్ రచయిత గారికి,

ప్రభుత్వాసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి. మీ సీరియల్లో యాభై ఏళ్ల కిందటి కథ నడుస్తుండగా, జ్వరంతో మూసిన కన్ను తెరవని పాపకు కాంపౌండరు రేకు చింపి ఒక మాత్ర వేస్తాడు. తెల్లారేసరికి పాప లేచి ఆడుకుంటుంది. కథ మీ ఇష్టం, మందు కూడా మీ ఇష్టమేనా అయ్యా? ఆ మాత్ర అప్పటికి పుట్టనే లేదు. మరో ఏడేళ్లకు గానీ రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే జ్వరంతో మా పాప పోయింది. అప్పుడు నా దగ్గరున్నది నేను కలిపిన సీసా మందొక్కటే. పూటకెంత తాగించాలో తెలిసేలా డోసుల గుర్తులు కత్తిరించి సీసాకు కాగితం అతికించిందీ నేనే. పాప పోయేసరికి సీసాలో ఇంకా రెండు గుర్తుల మందు మిగిలిపోయింది.

మొన్న మా ఆవిడ టీవీ కట్టేసి, "మందు ఉండి కూడా నా బిడ్డకు వెయ్యలేదా?" అంది. అప్పటి మందుల పుస్తకం తెచ్చి, అందులో ఆ మాత్ర పేరే లేదని చూపించాను. "తప్పు చేసినవాళ్లకే ఇన్ని రుజువులు కావాలి" అని అటు తిరిగి పడుకుంది. మూడు రోజులుగా ముద్ద ముట్టడం లేదు.

మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ మాత్ర అప్పట్లో లేదని తెర మీద ఒక్క వాక్యం వెయ్యండి. అక్షరాలు పెద్దవిగా వెయ్యండి. ఆవిడకు చూపు ఆనదు, నేను చదివి వినిపిస్తే నమ్మదు.

ఇట్లు,
ఆ పాప నాన్న