పడ్డోని దగ్గరికి ఉరకకు

యాదగిరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నా నెట్ సెంటర్ గోడకు నువ్వు అంటించిన కాగితం నిన్నటిదాకా అక్కడే ఉంది. మనం ఆడే ఆన్‌లైన్ ఆటలో ఒకసారి చస్తే మళ్లీ బతకడం లేదు కదా, కొత్తగా చేరేవాళ్ల కోసం రాశావు: "పడ్డోని దగ్గరికి ఉరకకు. వాన్ని సంపింది ఇంకా ఆడనే ఉంటది."

ఆటలో నేను పడితే నువ్వు తలుపు దగ్గరే ఆగిపోయావు. ఆ కోపంతో నాలుగు రోజులు నీతో మాట్లాడలేదు. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో ట్యాంకు కడుగుతూ నీ తోటి పనివాడు రాములు విషవాయువుకు పడిపోతే మాత్రం మాస్కు కూడా లేకుండా దిగావు. ఇద్దరి శవాలనూ కలిపే బయటకు తీశారు. "ఆయన్ని ఎవరు దిగమన్నరు?" అని మేనేజర్ మీ అమ్మనే అడిగాడు.

నిన్న ఒకతను ఆట నేర్చుకుంటానని వచ్చాడు. ఆ ఫ్యాక్టరీలోనే, నీ పనిలోనే పెట్టుకున్నారట. కాగితం చదివి నవ్వాడు.

"గిది రాసినాయన మస్తు ఆడుతడా అన్నా?"

"రెండేండ్లు ఆడిండు. ఒక్కసారి గూడ సావలే" అన్నాను. "ట్యాంకు కడిగేటప్పుడు మాస్కు ఇస్తున్నరా?"

"అడిగితే రేపటి సంది రాకు అంటరు."

కాగితం గోడ నుంచి ఊడదీసి అతని చేతిలో పెట్టాను.

"ఆట నేను నేర్పుత. గిది డ్యూటీకి తీస్కపో."