పాలిపోయిన రంగుల కార్డు

చెల్లికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం తిని తిరుగుతూనే ఉన్నాం. నువ్వూ, మరిదిగారూ, పిల్లదీ కులాసాగా ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం వచ్చి నలభై రోజులైంది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ముందు నువ్వడిగినవి చెప్తాను. నా ఎడమ చెవి ఇంకా పోటు పెడుతూనే ఉంది. డాక్టరు రెండు నెలలు నీళ్లలో దిగొద్దన్నాడు, నేను రెండు వారాలు ఆగాను. అమ్మ మోకాలు నయం. మెట్లు దిగి పక్కింటావిడతో పోట్లాడి, మళ్లీ తనే ఎక్కి వస్తోంది. నా డైవింగ్ సూటు వాసన భరించలేక మీ బావగారు దాన్ని బాల్కనీలోంచి మెట్ల కిందికి మార్చారు. తర్వాత నన్నే మారుస్తారేమో.

మీరు సముద్రంలో చేసే పనేమిటని పిల్లది అడుగుతోందన్నావు. ఇలా చెప్పు. నీళ్ల అడుగున ఉన్నది ఒకటే పగడాల దిబ్బ. దాని మీదుగా రెండు దేశాల పెద్దవాళ్లు సరిహద్దు గీశారు. అటువైపు అమ్మ, ఇటువైపు పెద్దమ్మ కాపలా. నీళ్లు వేడెక్కితే పగడాలు రంగు పోయి పాలిపోతాయి, చాలాకాలం అలాగే ఉంటే చచ్చిపోతాయి. మేం టేపు పరిచి, ప్రతి పగడం పక్కనా రంగుల కార్డు పెట్టి, ఏ రంగుకి సరిపోతే ఆ అంకె పలక మీద రాస్తాం. ఆరంటే నిండు రంగు, ఒకటంటే తెలుపు. రెండు వైపులా అంకెలు పడిపోతేనే వేడి నెలల్లో దిబ్బ మీదికి పడవలు రాకుండా ఆపుతారు. ఒక్క వైపు పడిపోతే సరిపోదు.

ఇక నువ్వు అడగని సంగతి రాస్తాను. రాసే ఓపిక లేదు, దాచే ఓపిక అసలే లేదు.

కిందటేడు రెండు దేశాల ఉమ్మడి సమావేశంలో నీ అంకె మూడు, నాది అయిదు. మీ ఆఫీసు పెద్దాయన అందరి ముందూ నీతో, "ఏమ్మా, పగడాలు కూడా పాస్‌పోర్టు చూసి పాలిపోతాయా?" అన్నారు. అందరూ నవ్వారు. నువ్వు నావైపు చూశావు. నేను కాగితాలు తిప్పుతూ కూర్చున్నాను. పడవలు ఆగలేదు. నిన్ను నీళ్లలోంచి తీసేసి, వేరేవాళ్ల అంకెలు కంప్యూటర్లో ఎక్కించే పనిలో కూర్చోబెట్టారు. "నా కళ్లే చెడిపోయాయేమో అక్కా, అద్దాలు మార్పించుకున్నాను" అని రాశావు చూడు, ఆ ఒక్క మాటకే నలభై రోజులు కలం పట్టలేకపోయాను.

నీ కళ్లకేం కాలేదే. పాలిపోయింది నా కార్డు.

కంటిని నమ్మొద్దు, కార్డునే నమ్మాలని మన డైవింగ్ మాస్టారు నేర్పారు కదా. కార్డును చీకటి కవర్లో పెట్టాలనీ, ఏడాదికోసారి పారేయాలనీ కూడా ఆయనే చెప్పారు. నేనేమో ఒక్క కార్డునే మూడేళ్లు వాడాను. డైవింగ్ అయ్యాక పడవ మేకుకి తగిలించి ఎండలో ఆరబెట్టేదాన్ని. చిరగలేదుగా అనుకున్నాను. ఇరవై రెండేళ్ల అనుభవం పెట్టుకుని పప్పులో కాలేశాను. ఒకరోజు కొత్త కార్డుల కట్ట వచ్చింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే, నా పాత కార్డులో అయిదో రంగు కొత్తదాంట్లో మూడో రంగంత వెలిసిపోయి ఉంది.

అది సమావేశానికి మూడు రోజుల ముందు, చెల్లీ. తెలిసే కూర్చున్నాను. అప్పటికే నివేదిక అచ్చయింది, మనవైపు బాగుందని మా పెద్దాయన నన్ను మెచ్చుకున్నారు. వచ్చే ఏడు సరిగ్గా లెక్కపెడితే ఎవరికీ తెలియదనుకున్నాను. సిగ్గేసింది, అంతకంటే ఏం లేదు.

పోయిన వారం డాక్టరు మాట కాదని కొత్త కార్డుతో దిగాను. టేపు పొడుగునా సగం పైగా చచ్చిన పగడాలే, వాటి మీద పచ్చటి పాచి పట్టి ఉంది. కార్డులో పాచికి అంకె లేదు. పైకొచ్చాక పడవ నడిపే సరంగు చెయ్యందించి, "ఇవాళ ఎంతొచ్చిందమ్మా?" అని అడిగాడు. చెవి నొప్పని చెప్పి కూర్చుండిపోయాను.

మొన్న మా ఆఫీసులో అంతా రాసిచ్చాను. పెద్దాయన చదివి, "వచ్చే నెల సమావేశం కానివ్వండి, అప్పుడు చూద్దాం" అని సొరుగులో పెట్టేశారు. అప్పటికి మళ్లీ వేడి నెలలు వచ్చేస్తాయి.

ఈ ఉత్తరం మీ పెద్దాయనకి చూపించమని రాద్దామనుకున్నాను. నువ్వు చూపించవు. అక్క పరువు పోతుందని బట్టల కింద దాచేస్తావు, నాకు తెలియదా. అందుకే దీని నకలూ, ఆ రెండు కార్డులూ ఆయన పేరుకే పంపేశాను. నీకిది అందేసరికి ఆయన చదివేసి ఉంటారు.

ఇట్లు,
ఆ రోజు నోరు విప్పని
నీ అక్క