కర్ర పట్టిన మేనేజరు

చిలకలూరిపేట రోడ్డు,
జనవరి 18

ఇమాం హుస్సేన్ ఉస్తాద్ గారికి, మీ దగ్గర కర్రసాము సగంలో వదిలేసి పారిపోయిన వీరబాబు దండాలు.

ఫోను చేద్దామనుకున్నాను. ఫోనులో మీకు సగం వినపడదు, వినపడిన సగానికి తిడతారు. అందుకే ఈ ఉత్తరం. లాల్‌బీ అమ్మా, తొమ్మిదిలో బడి మానేసినవాడి రాత ఇది, కాస్త సర్దుకుని మీ ఆయనకి చదివి వినిపించు.

నేనిప్పుడు మేనేజర్ని ఉస్తాద్. నవ్వకండి. ఇక్కడ మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీకి కొత్త గది కడుతున్నారు. నేను ఇసుక ట్రాక్టరు తోలుకుంటూ వచ్చాను. ఆ వారమే సైటు ఇంజినీరు మానేసి వెళ్ళిపోయాడు. ఓనరు నాగేంద్రబాబు గారు ట్రాక్టర్లో నా కర్ర చూసి, "ఏవయ్యా, సాము వచ్చా?" అన్నారు. "పదేళ్ళు నేర్చుకున్నానండి" అన్నాను. మీ దగ్గర ఉన్నది ఎనిమిది నెలలు. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంజినీర్లందరికీ నోరే గానీ పట్టు లేదయ్యా. నువ్వే చూడు ఈ సైటు" అని తాళాలు నా చేతిలో పెట్టారు. మార్చి మొదటికి గది పూర్తయితే ఉద్యోగం ఖాయం. కాకపోతే మళ్ళీ ట్రాక్టరు.

మీరు చెప్పినవే ఇక్కడ అమలు చేస్తున్నాను. ఎదుటివాడి కర్ర కాదు, కాళ్ళు చూడమన్నారు గదా. మూడు రోజులు పనివాళ్ళ కాళ్ళే చూశాను. మేస్త్రీ కోటేశ్వరి అని ఒకావిడ ఉంది, నలభై మంది ఆమె మాట మీదే నడుస్తారు. "ఏందమ్మా ఈయన, చెప్పులు పోయినోడి మాదిరి మన కాళ్ళే చూస్తన్నాడు" అందట. మీరు తొందరపడి ముందు దెబ్బ వెయ్యొద్దన్నారు. సిమెంటు కొట్టువాడు ఫోను చేస్తాడు గదా అని నేను చెయ్యలేదు. వాడూ చెయ్యలేదు. నాలుగు రోజులు పని ఆగింది. "దీన్ని ఓర్పు అంటారండి" అన్నాను. ఓనరు గారు తల ఊపి ఆ మాట ఇద్దరు రైతులకి చెప్పారు కూడా.

నాకు తెలిసినవి అయిపోయాయి ఉస్తాద్. ఇంకో నాలుగు పాఠాలు రాయించి పంపండి.

మీ శిష్యుడనుకుంటున్న
వీరబాబు

*

ఫిబ్రవరి 9

ఉస్తాద్ గారికి, కొంప మునిగినవాడి దండాలు.

గది తలుపు వచ్చింది. చలి బయటికి పోకుండా ఉండే మందపాటి తలుపు, ఆరడుగుల వెడల్పు, నలుగురు మోస్తే గానీ కదలదు. గోడలో వదిలిన ఖాళీ దగ్గర పెట్టారు. పట్టలేదు. ఖాళీ అడుగు మీద రెండంగుళాలు తక్కువ.

ఆ ఖాళీకి గుర్తు పెట్టింది నేనే. మీ కర్ర ఆరడుగులు కాబట్టి నాదీ ఆరడుగులే అనుకుని, దాన్ని నేల మీద పెట్టి సున్నం గీశాను. కోటేశ్వరక్క అప్పుడే అంది, "సారూ, టేపు పెట్టి చూడండి" అని. "ఈ కర్రకి మించిన టేపు లేదక్కా" అన్నాను. "తమరిష్టం" అని పక్కకి తిరిగింది. మీరు ఎవరి కర్ర వాళ్ళ నుదుటి దాకా కోసిస్తారన్న సంగతి నాకు తలుపు వచ్చాక గుర్తొచ్చింది. నాకు కోసిచ్చినప్పుడు నా వయసు పద్నాలుగు. ఇప్పుడది నా భుజాల దాకానే వస్తుంది. నేను పెరిగానని సంతోషపడ్డాను గానీ కర్ర ఆరడుగులు లేదని తోచలేదు.

ఓనరు గారు అడిగితే, "తలుపు కంపెనీవాళ్ళు తప్పు సైజు పంపారండి" అనేశాను. ఆయన ఫోనులో వాళ్ళని ఉతికి ఆరేశారు. వారంలో కొలవటానికి మనిషిని పంపుతామన్నారు. ఆ మనిషి టేపు తెస్తాడు ఉస్తాద్.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. కనిగిరిలో పీర్ల పండగనాడు బుల్లయ్యతో ఆడాను గదా. మన ఆటలో దెబ్బ తిన్నవాడే "తగిలింది" అని కర్ర దించాలి, ఇంకెవరూ చెప్పకూడదు. ఆ రోజు వాడి కర్ర నా పక్కటెముకలకి తగిలింది. నేను దించలేదు. వాడు బిత్తరపోయి మీ వంక చూశాడు. మీరు నేల చూశారు. అందరూ నేనే గెలిచానని ఈలలు వేశారు. మర్నాటి నుంచి మీ ఇంటి వీధిలోకి రాలేదు. బడికీ పోలేదు, బుల్లయ్య నా బెంచీవాడే గదా. తగిలింది ఉస్తాద్. వారం రోజులు కమిలి ఉంది.

ఇప్పుడేం చెయ్యను? వెంటనే రాయించండి.

మీ
వీరబాబు

*

ఫిబ్రవరి 17

ఉస్తాద్ గారికి, లాల్‌బీ అమ్మకి, వీరబాబు దండాలు.

మీ కార్డు అందింది. "నాకు చెప్పి ఏం లాభం? అక్కడ చెప్పు" అని మీ మాట. దాని కింద "అన్నం తిని చెప్పు" అని అమ్మ మాట. రెండూ పాటించాను. పెరుగన్నం తిని వెళ్ళాను.

అప్పటికే కంపెనీ మనిషి వచ్చి టేపు తీస్తున్నాడు. ఓనరు గారు ఆయన్ని తిట్టటానికి గొంతు సవరించుకుంటున్నారు. "ఆయన్ని ఏమీ అనకండి. తలుపు సరిగ్గానే ఉంది. ఖాళీ తప్పు గీసింది నేను, కర్ర పెట్టి" అన్నాను. ఈసారి నా కాళ్ళు నలభై మందీ చూశారు.

ఓనరు గారు నా వైపు తిరిగారు. "అసలు నువ్వు సాము ఎన్నాళ్ళు నేర్చుకున్నావయ్యా?" అన్నారు.

"ఎనిమిది నెలలండి."

"మరి ఓర్పన్నావే, ఆ సిమెంటుకి?"

"మర్చిపోయానండి." మీకూ ఓర్పనే రాశాను ఉస్తాద్, అదీ అబద్ధమే.

కోటేశ్వరక్క ముందుకొచ్చింది. "సారూ, రెండు రోజుల్లో గోడ కోసి తలుపు ఎక్కిస్తాం. మార్చికి గది మీ చేతికిస్తాం. ఈ అబ్బాయిని మాత్రం మా నెత్తిన పెట్టొద్దు."

"తీసెయ్యమంటావా?"

"తీసెయ్యటమెందుకు? ఒళ్ళు దిట్టంగా ఉంది. మొయ్యటానికి పనికొస్తాడు."

అప్పుడే తాళాలు నా దగ్గర్నుంచి తీసుకుని ఆమెకిచ్చారు. ఆమె వాటిని కొంగున ముడేసుకుంది. అంతే ఉస్తాద్, మేనేజరు మారిపోయింది. ట్రాక్టరు కూడా ఇంకొకడికి ఇచ్చేశారు. నేను కోటేశ్వరక్క దగ్గర కూలీని. కంపెనీ మనిషి వెళుతూ నా భుజం తట్టాడు.

నిన్న తలుపు ఎక్కించాం. మోసిన నలుగురిలో నేనొకణ్ణి. భుజం తోలు లేచింది గానీ, తలుపు జారి మూసుకున్నప్పుడు చప్పుడు కూడా రాలేదు.

ఇవాళ పొద్దున కోటేశ్వరక్క అందర్నీ నిలబెట్టి ఎవరి పని వాళ్ళకి చెప్పింది. పైకప్పుకి రేకులు ఎలా బిగించాలో చూపించింది. చూపించి, "అర్థంకానోళ్ళు ఎవురన్నా ఉంటే ఇప్పుడే చెప్పండబ్బా, బిగించాక నా పేణం తియ్యొద్దు" అంది. నలభై మందీ తలలు ఊపారు.

"నాకు అర్థం కాలేదక్కా" అన్నాను.

ఆమె నవ్వి మళ్ళీ మొదటి నుంచి చూపించింది. నా వెనక ఉన్న ముగ్గురు కూడా ముందుకి జరిగి చూశారు.

మీ
వీరబాబు