సోనమతికి కొట్టిన చప్పట్లు

శంకర్ నగర్, రాయపూర్.

ప్రియమైన అక్కకి,

ప్రభువు కాపుదల మీ ఇంటిమీద ఉందని నమ్ముతూ, నీకూ బావగారికీ అమ్మకీ వందనాలు చెప్పుకుంటూ రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? చలి మొదలైంది కాబట్టి పొద్దున్నే ప్రార్థనకి నడిచి వెళ్ళనివ్వకు, బావగారిని బండిమీద దింపమను. చిన్నోడికి జ్వరం పూర్తిగా తగ్గిందా? స్నేహ లెక్కల పరీక్ష బాగా రాసిందని విని చాలా సంతోషించాను. నేను క్షేమంగా ఉన్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకండి.

మొన్న ఫోన్లో "గొంతు అలా ఉందేమే?" అని నువ్వడిగితే జలుబు చేసిందన్నాను. జలుబు కాదక్కా. పక్కన పిల్లలు అల్లరి చేస్తున్నారు, అమ్మ ఫోనివ్వమంటోంది, ఆ హడావిడిలో చెప్పగలిగే విషయం కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదివి కంగారుపడకు. నాకేమీ కాలేదు.

ముందు ఇక్కడి సంగతులు చెబుతాను. పొద్దున పూట మంచు పడుతోంది. గాలి ఇటు తిరిగిందంటే ఊరి చివర ఉర్లాలోని ఫ్యాక్టరీల నల్లటి పొడి డాబామీద ఆరేసిన బట్టలమీద వాలుతుంది. తెల్ల చీరలు కట్టడం మానేశాను. నేనుంటున్న ఇంటి ఎస్తేరు ఆంటీ నన్ను కూతురిలాగే చూసుకుంటోంది. వాళ్ళ నాన్న రైల్వే ఉద్యోగం మీద కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఆంటీ నర్సుగా చేసి రిటైరైంది. ఆమె తెలుగు వింటే నీకు నవ్వొస్తుంది. నేను ఆలస్యంగా వస్తే, "అరే ప్రసన్నా, ఎంత పరేషాన్ అయ్యానో తెలుసా నేను? రా, జల్దీ ఖానా తిను" అంటుంది. ఇక్కడ గోంగూర దొరుకుతుంది, అమారీ భాజీ అంటారు. కానీ ఎండు రొయ్యలు వేసి వండితేగానీ మన రుచి రాదు. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం ఎండు రొయ్యలు పంపించు. గట్టిగా మూట కట్టు, రైల్లో వాసన వస్తే నన్ను తిట్టుకుంటారు.

నా పని ఏమిటో అమ్మకి ఇప్పటికీ అర్థం కాలేదని నాకు తెలుసు. "టీచర్లకి టీచరేంటే?" అంటుంది. పాఠం చెప్పడం వాళ్ళకి నేను నేర్పక్కర్లేదు. హైస్కూలు తరగతుల్లో రకరకాల పిల్లలుంటారు కదా. చూపు ఆననివాళ్ళు, సరిగా వినబడనివాళ్ళు, నిదానంగా నేర్చుకునేవాళ్ళు. ఇంట్లో ఛత్తీస్‌గఢీయో గోండీయో మాట్లాడుకుని, బడికొచ్చేసరికి హిందీ పుస్తకం ముందు నోరు మూసుకునేవాళ్ళు. అలాంటి పిల్లల్ని వెనక బెంచీకి వదిలెయ్యకుండా, వాళ్ళ ఇంటి మాటనీ తిండినీ పనినీ పాఠంలోకి ఎలా తెచ్చుకోవాలన్నది మా శిక్షణ. చెప్పడానికి ఎంత బాగుంటుందో చూడు.

వానాకాలంలో అభన్‌పూర్ వైపు స్కూళ్ళ టీచర్లు శిక్షణకి వచ్చారు. నా హిందీ విని ముందు వరసలో ఇద్దరు ముసిముసిగా నవ్వుకున్నారు. అది నాకు అలవాటైపోయింది. మధ్యాహ్నం ఒకావిడ లేచి నిలబడింది. పేరు చంద్రకళ, తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతుంది, వయసు యాభై దాటి ఉంటుంది.

"మేడమ్, మీరు ఎప్పుడైనా కిక్కిరిసిన తరగతిలో పాఠం చెప్పారా?" అంది.

"చెప్పాను. ఏలూరులో."

"అక్కడ పిల్లల మాట, పుస్తకం మాట ఒకటే. మా దగ్గర అలా కాదు. నేను ఇంట్లో మాట్లాడేది ఆ పిల్లల భాషే. బడిలో మాత్రం నేనే మాట్లాడనివ్వను. పరీక్ష హిందీలోనే రాయాలి కదా! రేపు వాళ్ళు తప్పితే మీరొచ్చి సమాధానం చెబుతారా?"

నేను, "ఒక్క పిల్ల దగ్గర మొదలుపెట్టి చూడండి దీదీ. కుదరకపోతే నన్ను తిట్టండి" అన్నాను. ఆవిడ కూర్చుంది.

కొన్నాళ్ళకి చంద్రకళ దీదీ ఫోను చేసింది. హలో కూడా అనలేదు. "ప్రసన్నా, ఆ పిల్ల మొద్దు కాదు. దానికి వినబడదు."

పిల్ల పేరు సోనమతి. బడిలో అందరూ మందబుద్ధి అనేవారట. వెనక గోడ పక్కన కూర్చుని ఎవరితోనూ మాట్లాడేది కాదట. దీదీ నోట్సు చెబుతూ బోర్డు వైపు తిరిగితే ఆ పిల్ల చెయ్యి ఆగిపోతుంది, ఇటు తిరిగితే మళ్ళీ కదులుతుంది. పెదాలు చూసి మాట పోల్చుకుంటోంది. ఇన్నేళ్ళలో ఇంట్లోవాళ్ళు కూడా అంతగా పట్టించుకోలేదు. పిలిస్తే పలకకపోతే పొగరనుకున్నారు. దీదీ ఆమెను ముందు బెంచీకి మార్చింది. మొహం మీద వెలుగు పడేలా కిటికీకి ఎదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. పిల్లల్ని ఇంటి మాటలోనే జవాబు చెప్పనిచ్చింది.

నేను చూడటానికి వెళ్ళిన రోజు ఆమ్లాల పాఠం. "మీ ఇంట్లో పుల్లగా ఉండేవి ఏమున్నాయి?" అని దీదీ వాళ్ళ భాషలోనే అడిగింది. చింతపండు అని ఒకరు, అమారీ భాజీ అని ఒకరు అరిచారు. అప్పుడు సోనమతి లేచింది. గొంతు కొంచెం ముద్దగా, అవసరమైనదానికన్నా గట్టిగా వచ్చింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచుతారు కదా, ఎండల్లో అది ఇంకో పూట ఉంచితే 'అమ్మట్' అవుతుంది, మా అమ్మ అందులో ఉప్పేసుకుని తాగుతుంది అని చెప్పింది. అమ్మట్ అంటే పులుపు. దీదీ బోర్డుమీద ఆ మాట రాసి, దాని కింద హిందీ మాట రాసి, అన్నం ఎందుకు పులుస్తుందో అక్కణ్ణుంచి చెప్పుకుంటూ పోయింది. మన చద్దన్నం, తరవాణి గుర్తొచ్చి నాకు కళ్ళు చెమర్చాయి. బయటికొచ్చాక సోనమతి నా దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూస్తూ, "తోర్ కా నావ్ హే?" అని అడిగింది, నీ పేరేమిటని. నేను నిదానంగా చెప్పాను. "పరసన్నా" అని నవ్వింది. ఈ ఊరికొచ్చాక నాకు అంత సంతోషమైన రోజు ఇంకొకటి లేదు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేదో.

దసరా ముందు మా ఆఫీసు పెద్ద సభ పెట్టింది. చాలా ఊళ్ళ టీచర్లూ, పైనుంచి ఒక అధికారీ వస్తున్నారు. మా డైరెక్టరుగారు నన్ను పిలిచి, "ఆ టీచరు, ఆ అమ్మాయి స్టేజిమీద అదే పాఠం చేసి చూపిస్తే నూరు ఉపన్యాసాల పెట్టు" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఆయన చెప్పారని చేశానని నీకు రాయలేను, నాకూ ఆశ పుట్టింది.

దీదీ ఒప్పుకోలేదు. "నా తరగతిలో ఏ మూల ఏముందో ఆ పిల్లకి తెలుసు. ఎవరు ఎటు తిరిగి మాట్లాడతారో తెలుసు. అక్కడ ఏం తెలుసని?" అంది.

"మీరు పక్కనే ఉంటారు కదా దీదీ. ఇది చూస్తే ఎంతమంది టీచర్లు మారతారో ఆలోచించండి. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది సోనమతులున్నారో!"

"నీ మాట కాదనలేకపోతున్నాను" అంది దీదీ.

సోనమతి సరదాగానే వచ్చింది. రాయపూర్ చూడటం అదే మొదటిసారట. తలకి నూనె రాసి, ఎర్ర రిబ్బన్లు కట్టి పంపించింది వాళ్ళమ్మ. హాల్లో ఫ్యాన్ల హోరు, మైకు కీచుమనడం. స్టేజి వెనక పెద్ద లైట్లు పెట్టారు. ముందు నిలబడ్డవాళ్ళ మొహాలు నల్లగా కనబడుతున్నాయి తప్ప పెదాలు కనబడటం లేదు. నేను అది గమనించాను. లైటు ఆర్పమని ఒక కుర్రాడికి చెప్పాను, అతను సరేనన్నాడు, అంతలో సభ మొదలైపోయింది. దీదీని అతిథుల వరసలో అటు చివర కూర్చోబెట్టారు.

పాఠం మొదలవకముందే ఆ అధికారి లేచి స్టేజిమీద సోనమతికి ఎదురుగా, ఆ లైట్లకి ముందు నిలబడ్డారు. మంచాయనే, పిల్లని ఉత్సాహపరుద్దామనే. మైకు నోటికి అడ్డంగా పెట్టుకుని, "బేటీ, నీకు బాగా ఇష్టమైన పుల్లటి వస్తువేమిటి?" అని అడిగారు.

సోనమతి ఆయన్నే చూసింది. దీదీ వైపు తిరిగింది, దీదీ అందనంత దూరంలో ఉంది. కొత్తవాళ్ళెవరైనా ముందు అడిగేది ఏమిటో ఊహించుకుని, గట్టిగా, స్పష్టంగా, "సోనమతి" అని చెప్పింది.

హాలంతా ఘొల్లుమంది. చెడ్డ నవ్వు కాదక్కా, ముచ్చటపడి నవ్వినట్టే నవ్వారు. ఆయన "శాబాష్! శాబాష్!" అంటూ చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. ఆ పిల్ల చిన్నబుచ్చుకోకూడదని నేను కూడా కొట్టాను. సోనమతి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. చప్పట్లు తనకి ఎంతవరకు వినబడ్డాయో తెలియదు, కానీ మొహాలు చదవడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. తల దించుకుంది. దీదీ వరసలన్నీ దాటుకుంటూ వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, బయటికి తీసుకెళ్ళిపోయింది. సభ చాలా బాగా జరిగిందని సాయంత్రం అందరూ నన్ను మెచ్చుకున్నారు.

సెలవులయ్యాక సోనమతి బడికి రాలేదు. వరికోతలు కదా, వస్తుందిలే అనుకున్నారు. రాలేదు. దీదీ ఫోను చేసి చెబితే నేనూ బయల్దేరి వెళ్ళాను. ఇద్దరం పొలానికి నడిచాం. వాళ్ళమ్మ కొడవలి పక్కన పెట్టి వచ్చింది. "రానంటోంది మేడమ్. నేను పంపనని కాదు. ఆ రోజు ఇంటికొచ్చి, అందరూ నన్ను చూడటానికి పిలిచారు, చూసి నవ్వారు అని చెప్పింది. నాకేం తెలుసు, నేనే రిబ్బన్లు కట్టి పంపాను" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

సోనమతి కోసిన వరిని పనలు కడుతోంది. దీదీని చూసి నవ్వింది. పక్కన నన్ను చూసింది. నేను నోరు తెరిచేలోపే మొహం అటు తిప్పేసుకుంది. మనమైతే కోపమొచ్చి మొహం తిప్పుకున్నా అవతలివాళ్ళ మాట చెవిన పడుతూనే ఉంటుంది. ఆ పిల్ల మొహం తిప్పుకుంటే ఇక మన మాట దాన్ని చేరదు. నేను చెప్పాలనుకున్నవన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు అభన్‌పూర్‌లో నన్ను బస్సు ఎక్కిస్తూ దీదీ, "ఆదివారాలు నేను వాళ్ళింటికి వెళ్ళి చెబుతాను. నువ్వు కొన్నాళ్ళు రాకు ప్రసన్నా" అంది. అలాగేనన్నాను.

ఆఫీసులో డైరెక్టరుగారితో చెప్పాను, ఇక పిల్లలెవర్నీ స్టేజి ఎక్కించేది లేదని. ఆయన కొంచెం నొచ్చుకున్నారుగానీ ఒప్పుకున్నారు. ఆ తర్వాత వచ్చిన టీచర్ల ముందు జరిగినదంతా చెప్పాను. నవ్వులు, చప్పట్లు, అన్నీ. మనసు తేలికపడుతుందనుకున్నాను, పడలేదు.

సోనమతి ఇంటి అరుగుమీద దీదీ దగ్గర చదువుతోంది. పరీక్షకి కూర్చుంటానంది, తరగతిలోకి మాత్రం రానంటోంది. రోజంతా బడిలో తోటిపిల్లల మధ్య కూర్చోవలసిన పిల్ల వారానికోసారి అరుగుమీద చదువుకుంటోందంటే అది ఎవరివల్లో నాకు తెలుసు. నువ్వు "నీ తప్పేముందే, మంచికే చేశావుగా" అంటావు. ఆంటీ కూడా అదే అంటోంది. మీ ఇద్దరి ప్రేమ అది.

క్రిస్మస్‌కి సెలవు అడిగాను, ఇస్తామన్నారు. అమ్మకి ఈ సంగతి చెప్పకు, నేను తిండి మానేశానని బెంగపడుతుంది. మానలేదు. బాగానే తింటున్నాను. పెద్దమ్మకీ పాస్టరుగారికీ నా వందనాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మీ ప్రార్థనల్లో ఆ పిల్లని తలుచుకోండి, నన్ను తర్వాత తలుచుకున్నా ఫర్వాలేదు.

ఒక్కటి చెప్పకుండా దాచుకుందామనుకున్నాను, నీ దగ్గర దాచలేను. పోయిన ఆదివారం సోనమతి నా గురించి దీదీని ఒక మాట అడిగిందట. "నేను తప్పు చెప్పానని ఆ పరసన్నా మేడమ్‌కి తెలుసు కదా. మరి తను చప్పట్లు ఎందుకు కొట్టింది?"

దీదీ ఫోను చేసి నాతో ఈ మాట చెప్పి, "ఆ జవాబు నువ్వే చెప్పాలి, ఆ పిల్ల నీ వైపు చూసిన రోజున" అంది. అప్పటినుంచి వెతుక్కుంటున్నానక్కా, ఇంకా దొరకలేదు.

మీ అందరి దీవెన కోరుకుంటూ,

నీ చెల్లెలు
ప్రసన్న